నగర శివారులో ఇంటి ఇంటర్నెట్: ఎవరిది తీసుకున్నాను, ఎందుకు

ముందే మార్కులు వేసేస్తాను. ఇప్పుడు మా ఇంట్లో ఉన్న చిన్న కంపెనీ ఫైబర్ లైనుకి ఐదుకి నాలుగు. అంతకుముందు వాడిన పెద్ద కంపెనీ ఫైబర్‌కి రెండున్నర. టవర్ నుంచి గాల్లో వచ్చే 5జీ డబ్బాకి మూడు. టీవీ కేబుల్ మీద వచ్చే నెట్‌కి రెండు. పాత టెలిఫోన్ రాగి తీగకి మార్కులు వేయడం కూడా దండగ. ఉపగ్రహం డిష్షు నేను వాడలేదు కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోను, ఎందుకు వద్దనుకున్నానో మాత్రం చెప్తాను.

ఈ మార్కులకి కొలబద్ద నా పని. నేను దుబాసీని. అవతల ఎవరో మాట్లాడుతుండగానే ఆ మాటని ఇంకో భాషలో చెప్పుకుంటూ పోవాలి. అదీ ఇంట్లోనే, గది తలుపు మూసుకుని, హెడ్‌సెట్ తగిలించుకుని. రాత్రిపూట సినిమా రెండు సెకన్లు గిర్రున తిరిగి మళ్లీ మొదలైతే ఎవరి కొంపా మునగదు. నా గొంతు రెండు సెకన్లు ఆగితే మాత్రం ఒక వాక్యం తోక తెగుతుంది, తోకలోనే "ఒప్పుకోం" అని ఉండొచ్చు. ఫోన్ సంభాషణ సాఫీగా సాగాలంటే ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకూడదని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ వాళ్ల జి.114 సిఫారసు చెప్తుంది. అందుకని ఏ కంపెనీ కాగితం చేతికొచ్చినా నేను అప్‌లోడ్ ఎంత, పింగ్ (అంటే డేటా అవతలికి వెళ్లి తిరిగి రావడానికి పట్టే మిల్లీసెకన్లు) ఎంత, తెగితే ఎవరొస్తారు అన్నవే వెతుకుతాను. ఈ మూడూ ప్రకటనల్లో కనపడవు.

కనపడేది డౌన్‌లోడ్ అంకె ఒక్కటే. అది ఎంబీపీఎస్‌లో, అంటే సెకనుకి ఇన్ని మెగాబిట్లు అని ఉంటుంది. మనం ఫైళ్ల సైజు చూసేదేమో మెగాబైట్లలో. 8తో భాగించుకోవాలి. 100 ఎంబీపీఎస్ ప్లాన్‌లో, అన్నీ బాగుంటే, సెకనుకి దిగేది 12.5 మెగాబైట్లు. ఈ లెక్క తెలియక కస్టమర్ కేర్ మీద ఎగిరిపడేవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. అసలు 4కే సినిమాకైనా నెట్‌ఫ్లిక్స్ అడిగేది 15 ఎంబీపీఎస్. ఫుల్ హెచ్‌డీ వీడియో కాల్‌కి పైకీ కిందికీ తలా 4 ఉంటే సరిపోతుంది. ఇంట్లో నలుగురు నాలుగు తెరల ముందు కూర్చున్నా 100 నిండటం కష్టం. 500, 1000 ప్లాన్లకి డబ్బు కట్టే ఇళ్లలో చాలాభాగం ఆ అంకెని ఏడాదికోసారైనా ముట్టుకోవు. పెద్ద పెద్ద గేములు దింపుకునేవాళ్లో, వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లో ఉంటే వేరే సంగతి.

శివారులో అసలు చిక్కు వేగంతో కాదు, అందుబాటుతో వస్తుంది. నగరం నడిబొడ్డున అపార్టుమెంటుకి అన్ని కంపెనీల తీగలూ మెట్ల గది దాకా వచ్చి ఉంటాయి. ఇక్కడ ఇళ్లు దూరదూరంగా ఉంటాయి, మధ్యలో ఖాళీ స్థలాలు, ఎప్పుడూ ఎవరో ఒకరు రోడ్డు తవ్వుతూనే ఉంటారు. పది ఇళ్ల కోసం కిలోమీటరు తీగ లాగాలంటే ఏ కంపెనీకైనా లెక్క గిట్టదు. అందుకని ఉన్న బాక్సు నుంచే సాగదీస్తారు. వెబ్‌సైటులో చిరునామా కొడితే ఆకుపచ్చ టిక్కు పడుతుంది, "మీ ప్రాంతంలో సేవ ఉంది" అని. ఆ టిక్కుకి అర్థం వీధి చివర స్తంభం మీద వాళ్ల బాక్సు ఉందని మాత్రమే. ఆ బాక్సులో ఖాళీ పోర్టు, అంటే మన తీగ గుచ్చే చోటు, ఉందో లేదో ఆ టిక్కుకి తెలియదు.

పెద్ద కంపెనీ విషయంలో నాకు జరిగింది ఇదే. డబ్బు ముందే కట్టించుకున్నారు. వచ్చిన కుర్రాడు స్తంభం ఎక్కి దిగి, చేతులు దులుపుకుంటూ, "పోర్టు ఖాళీ లేదు మేడమ్" అన్నాడు. మరి మీవాళ్లు ఆర్డర్ ఎలా తీసుకున్నారు బాబూ అంటే, "అది సేల్స్ వాళ్లు మేడమ్, మేం వేరే" అన్నాడు. కొన్ని వారాల తర్వాత పక్క వీధి బాక్సు నుంచి, చెట్ల మీదుగా వేలాడదీసి ఒక తీగ తెచ్చారు. తెచ్చాక నెట్ బ్రహ్మాండం. పింగ్ పది లోపు, సాయంత్రం కూడా వేగం తగ్గలేదు. మొదటి గాలివాన దాకా.

ఫైబర్ అంటే గాజు పోగు. దానికి కరెంటు అక్కర్లేదు, తడిస్తే ఏమీ కాదు, పిడుగు పడితే రాగి తీగలాగా ఇంట్లోకి కరెంటు మోసుకురాదు. కానీ కొమ్మకి రాసుకుని రాసుకుని తొడుగు చిరిగి పోగు విరిగితే ఇక అంతే. ఇంట్లో డబ్బా మీద ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్న దగ్గర ఎర్ర లైటు వెలుగుతుంది. వెలుతురు రావట్లేదని దానర్థం. ఆ లైటు వెలుగుతుంటే రౌటర్ ఎన్నిసార్లు ఆపి మళ్లీ వేసినా లాభం లేదు, మనిషి రావాల్సిందే. కస్టమర్ కేర్ మాత్రం ప్రతిసారీ ఆపి మళ్లీ వేయమనే చెప్తుంది. ఎర్ర లైటు వెలుగుతుండగానే నా ఫోన్‌కి "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది" అని మెసేజ్ వచ్చింది. మళ్లీ ఫిర్యాదు పెడితే కొత్త నంబరు, కొత్త గొంతు, మళ్లీ మొదటి నుంచి అదే కథ. రెండున్నర మార్కులు ఆ గాజు పోగుకే, దాని వెనక ఉన్న మనుషులకి కాదు.

అప్పటినుంచీ ఎవరు కనెక్షన్ గురించి అడిగినా నా మొదటి మాట ఒకటే: బాక్సు నుంచి మీ గోడ దాకా తీగ ఏ దారిన వస్తుందో, అది తెగితే అతకడానికి వచ్చే మనిషి ఎక్కణ్ణుంచి బయల్దేరతాడో కనుక్కోండి. కంపెనీ పేరు ఆ తర్వాత.

చిన్న కంపెనీని నేను పట్టుకున్నది కూడా అలాగే. మా వీధిలో ఎవరి నెట్ వానాకాలంలో ఆగలేదో అడుగుతూ పోయాను. వేగం గురించి అడిగితే అందరూ గొప్పలే చెప్తారు. "పోయినసారి తెగినప్పుడు ఎప్పుడొచ్చారు?" అని అడిగితే నిజం బయటపడుతుంది. రెండిళ్ల అవతల ఉండే రిటైర్డ్ లెక్కల మాస్టారు తన కనెక్షన్ ఎప్పుడెప్పుడు ఆగిందో క్యాలెండర్ మీద రాసిపెట్టుకున్నారు. "అమ్మాయ్, వీళ్లు పొద్దున చెప్తే సాయంత్రానికి వస్తారు, రాకపోతే ఎందుకు రాలేదో ఫోన్ చేసి చెప్తారు" అన్నారు. ఏ సర్వే కన్నా ఆ క్యాలెండరే నమ్మకం.

వాళ్లొచ్చి లైను వేసిన రోజు నేను పక్కనే నిలబడి అన్నీ చూశాను. చూడదగ్గ పనే అది. రెండు పోగుల కొసల్ని శుభ్రం చేసి, అతికే మిషన్‌లో పెట్టి మూత వేస్తే చిన్న మెరుపు మెరుస్తుంది, రెండూ ఒకటవుతాయి. ఆ తర్వాత కనెక్టర్. ఆకుపచ్చ మూతివి, నీలం మూతివి అని రెండు రకాలుంటాయి. ఆకుపచ్చదాని కొస 8 డిగ్రీల ఏటవాలుగా చెక్కి ఉంటుంది, నీలందాని కొసకి ఆ వాలు ఉండదు. ఒకదాన్ని తెచ్చి ఇంకోదాంట్లో గుచ్చితే వెలుతురు సరిగ్గా దాటదు. మన ఇంట్లో వాళ్లు పెట్టే మొనని వేలితో ముట్టుకోవద్దు, కంటితో లోపలికి అసలే చూడొద్దు. అందులో వచ్చే 1490 నానోమీటర్ల వెలుతురు కంటికి కనపడదు, కనపడదు కదా అని మంచిది కాదు.

అప్పుడే ఒక చిన్న మీటర్ తగిలించి చూస్తారు. దాని మీద మైనస్ గుర్తుతో డీబీఎం అంకె వస్తుంది, మనదాకా వచ్చే వెలుతురు బలం అది. అది ఎంతో అడిగి రాసుకోండి. సాధారణ జీపాన్ (ఒకే పోగుని చాలా ఇళ్లకి పంచే పద్ధతి) లైన్లలో ఇంటి డబ్బా మైనస్ 27 దాకా తట్టుకుంటుంది, దాన్ని దాటితే ఎర్ర లైటే. మాకు మైనస్ 19 వచ్చింది. ఎవరికైనా మైనస్ 26 వచ్చి "పనిచేస్తోంది కదండీ" అని వెళ్లిపోబోతే ఆపండి. ప్రతి 3 డీబీకి వెలుతురు సగమవుతుంది, కాస్త దుమ్మూ ఒక మెలికా చాలు ఆ లైను చచ్చిపోవడానికి. మెలిక అంటే గుర్తొచ్చింది, తీగని కిటికీ చట్రం మూల దగ్గర మడతపెట్టి మేకు కొట్టేవాళ్లని చూస్తే నాకు వీపు జలదరిస్తుంది. ఇళ్లలోకి తెచ్చే వంపు తట్టుకునే ఫైబర్ రకాల్లో చాలావాటికి కూడా 7.5 నుంచి 10 మిల్లీమీటర్ల వ్యాసార్థం కన్నా బిగువుగా వంచకూడదని పరిమితి ఉంది. మూల దగ్గర బొటనవేలు దూరేంత వంపు వదలమని చెప్తే సరి.

ఇక మిగతా దారుల గురించి.

టీవీ కేబుల్ మీద వచ్చే నెట్ కాగితం మీద చాలా బాగుంటుంది. డౌన్‌లోడ్ నిజంగానే వస్తుంది. ఆ కేబుల్ మొదట వేసింది పైనుంచి బొమ్మలు కిందికి పంపడానికి. పాత నెట్‌వర్కుల్లో ఇంటి నుంచి పైకి వెళ్లే సిగ్నల్‌కి 5 నుంచి 42 మెగాహెర్ట్జ్ దాకా, కొన్నిచోట్ల 65 దాకా, ఇరుకు పట్టీ ఒక్కటే వదిలారు. మిగతా వందల మెగాహెర్ట్జ్ అంతా కిందికే. అందుకే డౌన్‌లోడ్ 300 ఉన్న ప్లాన్‌లో అప్‌లోడ్ 15 దగ్గర ఆగుతుంది, పైకి వెళ్లే ఆ ఇరుకు పట్టీని కూడా వీధంతా పంచుకోవాలి. స్తంభాల మీద దాని యాంప్లిఫయర్లకి కరెంటు కావాలి. బ్యాకప్ లేనిచోట కరెంటు పోతే మనింట్లో యూపీఎస్ ఉండి ఏం లాభం, వీధిలోనే చచ్చిపోతుంది. నాలా పైకి పంపే పని ఉన్నవాళ్లకి కుదరదు. టీవీ, సినిమాలు చాలనుకునే ఇంటికి పర్వాలేదు.

రాగి తీగ డీఎస్‌ఎల్ దూరానికి బానిస. క్యాబినెట్ (టెలిఫోన్ వాళ్లు వీధిలో పెట్టే పెట్టె) పక్కన ఇల్లున్నవాళ్లకి 100 వస్తుంది, కిలోమీటరు దాటితే పావు వంతు కూడా కష్టమే. శివారులో క్యాబినెట్ ఎప్పుడూ దూరమే.

ఉపగ్రహాల్లో రెండు జాతులున్నాయి. భూమికి 35,786 కిలోమీటర్ల ఎత్తున కదలకుండా నిలబడి కనిపించేవి ఒకటి. మనం అడిగింది పైకెళ్లి, కిందికి దిగి, జవాబు మళ్లీ పైకెళ్లి, దిగాలి. వెలుతురు వేగంతో వెళ్లినా ఆ ప్రయాణానికే దాదాపు అర సెకను. నా పనికి అది చావుదెబ్బ. స్టార్‌లింక్ లాంటివి కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తులోనే తిరుగుతాయి, ఆలస్యం పదుల మిల్లీసెకన్లలోనే ఉంటుంది. కానీ డిష్షుకి ఆకాశం విశాలంగా తెరిచి కనపడాలి. మా ఇంటి చుట్టూ చెట్లు. చెట్లు కొట్టించడం కన్నా వేరే కంపెనీ వెతుక్కోవడం నయం. ఏ తీగా రాని ఇంటికైతే, ఆ సేవ మీ దగ్గర దొరికితే, ఇంకేమీ ఆలోచించకుండా తీసుకోవచ్చు.

5జీ డబ్బా సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఫైబర్ వచ్చేదాకా నన్ను మోసింది అదే. తవ్వకం లేదు, తీగ లేదు, డబ్బా కిటికీలో పెట్టి మీట నొక్కితే నెట్. పొద్దున పూట ఫైబర్‌తో పోటీ పడుతుంది. సాయంత్రం ఆరు దాటాక టవర్ పరిధిలో అందరూ ఇళ్లకి చేరతారు, అందరూ వీడియోలు పెడతారు, వేగం మూడో వంతుకి పడుతుంది. పింగ్ గెంతులేస్తుంది, 30 ఉన్నది 90 అవుతుంది, మళ్లీ 40. సగటు బాగానే ఉన్నట్టు కనపడుతుంది గానీ ఆ గెంతులే గొంతుని ముక్కలు చేస్తాయి. దాన్ని ఎక్కడ పెడతాం అన్నది సగం ఫలితం. టవర్ వైపు కిటికీ దగ్గర, ఇనుప గ్రిల్లుకి కాస్త దూరంగా, ఎత్తులో పెడితే ఒకటి, టీవీ వెనక దాచేస్తే ఇంకొకటి. ఇప్పటికీ దాన్ని తీసేయలేదు, చిన్న ప్లాన్‌కి మార్చి రెండో దారిగా ఉంచుకున్నాను. రెండు ఫైబర్లు పెట్టుకోవడం కన్నా ఇది మేలు. రెండు ఫైబర్లూ ఒకే స్తంభం మీదుగా వస్తే ఒకే జేసీబీ రెండింటినీ తెంపుతుంది.

ఏ కనెక్షన్ తీసుకున్నా మొదటి వారంలో చేయాల్సిన పరీక్ష ఒకటుంది, చాలామంది చేయరు. మామూలుగా స్పీడ్ టెస్ట్ పెట్టి అంకె చూసి సంతోషిస్తారు. అలా కాకుండా ఒక పెద్ద వీడియోని పైకి ఎక్కిస్తూ, అదే సమయంలో పింగ్ చూడండి. ఖాళీగా ఉన్నప్పుడు 12 ఉండే పింగ్ కేబుల్ నెట్‌లో 400 దాటిపోయింది. దీన్ని బఫర్‌బ్లోట్ అంటారు. మోడెమ్‌లో పంపాల్సిన డేటా వరస కట్టి, గొంతు మోసే చిన్న ప్యాకెట్ లారీల వెనక ఇరుక్కున్న సైకిల్ అయిపోతుంది. మందు ఉంది. ఎస్‌క్యూఎం (డేటా వరసని తెలివిగా సర్దేది) సదుపాయం ఉన్న రౌటర్‌లో అసలు వేగానికి 90 శాతం దగ్గర పరిమితి పెడితే వరస మన రౌటర్ చేతిలోకి వస్తుంది, చిన్న ప్యాకెట్లకి దారి దొరుకుతుంది. ఇప్పటి ఫైబర్‌లో అలా పెట్టాక అప్‌లోడ్ నడుస్తున్నా పింగ్ 20 దాటట్లేదు. నేను వేసిన నాలుగు మార్కుల్లో ఒకటి ఈ రౌటర్‌ది. కంపెనీ ఉచితంగా ఇచ్చిన డబ్బాలో ఈ సౌకర్యం లేదు. "మీ సొంత రౌటర్ పెట్టుకోండి, మా డబ్బాని బ్రిడ్జ్ మోడ్‌లో పెడతాం" అని వాళ్లే అన్నారు. అంటే వాళ్ల డబ్బా సిగ్నల్‌ని దాటిస్తుందంతే, మిగతా పనంతా మన రౌటర్‌ది. పెద్ద కంపెనీ ఆ మాటెత్తితేనే వారంటీ అంటూ బెదిరించింది.

పరీక్ష తీగతో చేయాలి. వైఫైలో చేసి కంపెనీని తిట్టడం అన్యాయం. 2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటుతుంది గానీ ఒకదానిమీద ఒకటి పడని ఛానెళ్లు 1, 6, 11 మూడే, పక్కిళ్లన్నీ అందులోనే కూర్చుంటాయి. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది, రెండు గోడలు దాటేసరికి నీరసపడుతుంది. మా పని గదికి మాత్రం నేను క్యాట్ 6 తీగ లాగించాను. పాత ల్యాప్‌టాప్‌తో పరీక్షిస్తే ఒకటి చూసుకోండి: దాని పోర్టు 100 ఎంబీపీఎస్‌దే అయితే లైను ఎంతదైనా 94, 95 దగ్గర ఆగిపోతుంది. ఆ అంకె కనపడితే తప్పు లైనుది కాదు.

ఒక మార్కు ఎందుకు కోశానంటే సీజీనాట్ వల్ల. ఇల్లిల్లుకీ సొంత ఐపీవీ4 చిరునామా (ఇంటర్నెట్‌లో మన ఇంటి నంబరు లాంటిది) ఇవ్వలేక ఎన్నో ఇళ్లని ఒకే చిరునామా వెనక పెడతారు. రౌటర్ పేజీలో బయటి చిరునామా 100.64 నుంచి 100.127 దాకా ఏదో ఒకదానితో మొదలైతే మీరూ ఆ గుంపులోనే ఉన్నారు. 2012లో ఆ వరసని ఇందుకోసమే పక్కన పెట్టారు. సినిమాలకీ కాల్స్‌కీ తేడా ఏమీ తెలియదు. బయటి నుంచి ఇంట్లో కంప్యూటర్‌లోకి నేరుగా రావాలంటే కుదరదు. కొత్త తరం చిరునామా ఐపీవీ6 ఇస్తే ఈ గొడవ చాలావరకు పోతుంది, మావాళ్లు ఇంకా ఇవ్వలేదు. స్థిర చిరునామా కావాలంటే విడిగా కట్టమన్నారు. కట్టలేదు.

కరెంటు పోయినప్పుడు మాత్రం ఫైబర్‌కి సాటి లేదు. ఎక్స్ఛేంజి వైపు బ్యాటరీ ఉంటుంది, దారిలో కరెంటు అవసరమే లేదు, మనింట్లో ఓఎన్‌టీ (కంపెనీ పెట్టే ఫైబర్ డబ్బా), రౌటర్ రెండూ కలిపి తినేది ఒక చిన్న బల్బుకి మించదు. రెండిటికీ 12 వోల్టులే అయితే చిన్న డీసీ యూపీఎస్ చాలు, కొనేముందు ఆంపియర్లు సరిచూసుకోండి. వీధంతా చీకట్లో ఉన్నప్పుడు నేను గంటన్నర సమావేశం పూర్తి చేశాను, అవతలివాళ్లకి తెలియను కూడా తెలియదు.

సంతకం పెట్టేముందు కాగితంలో నాలుగు చోట్ల వేలు పెట్టి అడగండి. మొదటి కొన్ని నెలల ధర ఆ తర్వాత ఎంతవుతుంది. మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి. డేటా పరిమితి దాటాక వేగం ఎంతకి పడుతుంది, "అపరిమితం" అన్న మాట కింద చిన్న అక్షరాల్లో అది ఉంటుంది. డబ్బా అద్దెదా, సొంతమా. అద్దెదైతే పాత కంపెనీ మానేసేటప్పుడు దాన్ని ఊరికే ఎవరి చేతికో ఇచ్చి పంపకండి. సీరియల్ నంబరు కనపడేలా ఫొటో తీసి, తీసుకున్నట్టు రసీదు రాయించుకున్నాకే ఇవ్వండి. కొత్త లైను ఒక మంచి వానని తట్టుకున్నాక పాతది ఆపించండి.